ఉక్కుకూ అలసట ఉంది: ఇరుసు నుంచి కారు రేకు దాకా

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక ఇనుప తీగ ముక్క తీసుకోండి. కాగితాలకు పెట్టే క్లిప్పు అయినా చాలు. దానిని రెండు చేతులతో పట్టుకుని తిన్నగా లాగి తెంపడానికి ప్రయత్నించండి. ఎంత బలవంతుడికైనా అది సాధ్యం కాదు. ఇప్పుడు అదే తీగను ఒకచోట వంచి, మళ్ళీ వెనక్కు వంచండి. అలా పది పదిహేనుసార్లు చేసేసరికి అది చిన్న చప్పుడుతో విరిగిపోతుంది. మీరు వంచడానికి వాడిన బలం లాగడానికి వాడిన బలంలో పదోవంతు కూడా లేదు. మరి తీగ ఎందుకు విరిగింది?

మనిషి ఒక మూటను ఒక్కసారి సులువుగా ఎత్తగలడు. అదే మూటను రోజంతా ఎత్తి దించుతూ ఉంటే సాయంత్రానికి కూలబడతాడు. లోహం సంగతీ అంతే. ఒక్కసారి సునాయాసంగా భరించే బరువును లక్షసార్లు మోయవలసి వస్తే అది విరిగిపోవచ్చు. దీనినే లోహ శ్రాంతి అంటారు. మన మాటల్లో చెప్పాలంటే లోహానికి వచ్చే అలసట. అయితే మనిషి అలసటకూ లోహపు అలసటకూ ఒక పెద్ద తేడా ఉంది. మనిషి పడుకుని లేస్తే తేరుకుంటాడు. లోహంలో ఒకసారి పడిన పగులు ఎంతసేపు విశ్రాంతినిచ్చినా దానంతటది అతుక్కోదు.

ఈ అలసటను అర్థం చేసుకోవడానికి మానవుడికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథలోని మూడు ముఖ్య ఘట్టాలను మన దేశంలోని ఒకే ఊళ్ళో నిలబడి గుర్తు చేసుకోవచ్చు. ఆ ఊరు ఖరగ్‌పూర్.

మూడు చోట్లున్న ఊరు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. అంతకు కొంచెం ముందే, 1890వ దశకంలో, తూర్పుతీరపు రైలుమార్గం పూర్తయింది. ఆ మార్గం వెంట శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ చేరాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, టర్నర్లుగా వారు ఆ వర్క్‌షాపులో తరతరాలు పనిచేశారు. 1920వ దశకంలో ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపినవారిలో ముఖ్యుడు, తరువాత భారత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. ఈనాటికీ అక్కడి రైల్వే కాలనీలలో తెలుగు వినిపిస్తుంది.

ఆ ఊళ్ళోనే హిజ్లీ అనే చోటు ఉంది. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన నిర్బంధ శిబిరం అక్కడిదే. 1951లో ఆ భవనంలోనే మన దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ఊరికి దక్షిణంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో సాలువా ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ల భారీ బాంబర్ విమానాలు అక్కడి రన్‌వే మీద నుంచి ఎగిరేవి.

రైలు వర్క్‌షాపు, విద్యాసంస్థ, విమానాల రన్‌వే. ఇరుసు, సూక్ష్మదర్శిని, విమానం. లోహ శ్రాంతి చరిత్ర నడిచిన దారి కూడా ఇదే. ఆ దారి చివర ఈనాటి కారు రేకు ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

ఇరుసు ఎందుకు విరిగింది?

1842 మే 8వ తేదీ, ఆదివారం. ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో రాజుగారి ఉత్సవం చూసుకుని జనం రైల్లో పారిస్‌కు తిరిగి వస్తున్నారు. దారిలో ముందున్న ఇంజను ఇరుసు విరిగింది. వెనుక పెట్టెలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఇంజను నిప్పులు చెక్క పెట్టెలకు అంటుకున్నాయి. ఆ రోజుల్లో ప్రయాణీకులు మధ్యలో దిగకుండా పెట్టెల తలుపులకు తాళాలు వేసేవారు. యాభై మందికి పైగా సజీవ దహనమయ్యారు. మూడుసార్లు సముద్రయాత్రలు చేసి అంటార్కిటికా తీరాన్ని చూసివచ్చిన నావికుడు ద్యూమాన్ ద్యుర్విల్ కూడా భార్యాబిడ్డలతో సహా ఆ మంటల్లోనే చనిపోయాడు.

విరిగిన ఇరుసులను చూసిన ఇంజనీర్లకు ఒక విషయం అంతుపట్టలేదు. మంచి ఇనుమును లాగి తెంపితే తెగిన చోట చెరకు పిప్పిలా పీచుపీచుగా కనిపిస్తుంది. నడుస్తూ విరిగిన ఇరుసుల్లో పీచు కనిపించేది కాదు. చక్కెర గడ్డను విరిచినట్లు గరుకుగా, మెరుస్తూ ఉండేది. అందుచేత, 'రైలు కుదుపులకు పీచు ఇనుము కాస్తా స్ఫటికాలుగా మారిపోయింది, అందుకే పెళుసుబారింది' అని చాలామంది నమ్మారు. వినడానికి సబబుగానే ఉంది. కాని అది తప్పు.

మరుసటి ఏడాదే, 1843లో, స్కాట్లండుకు చెందిన ర్యాంకిన్ అనే యువ ఇంజనీరు విరిగిన ఇరుసులను జాగ్రత్తగా పరిశీలించి ఒక వ్యాసం సమర్పించాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళయినా నిండలేదు. ఉష్ణగతిక శాస్త్రంలో మీరు చదువుకునే ర్యాంకిన్ ఈయనే. ఆయన గమనించినది ఇది: ఇరుసులు ఎక్కడ పడితే అక్కడ విరగడం లేదు. లావు భాగం హఠాత్తుగా సన్నబడే చోట, అంటే ఇరుసు 'భుజం' దగ్గర, విరుగుతున్నాయి. అక్కడ చుట్టూ ఒక సన్నని పగులు మొదలై రోజురోజుకూ లోపలికి పాకుతోంది. మిగిలిన మంచి ఇనుము బరువు మోయలేనంత చిన్నదయ్యాక ఇరుసు ఒక్కసారిగా విరుగుతోంది. ఇనుము స్వభావం మారడం లేదు. కనుక భుజం దగ్గర నిట్రంగా మూల తీయకుండా, నున్నని వంపు ఇవ్వాలని ఆయన సూచించాడు.

మూల ఎందుకు ప్రమాదకరం? కాలువలో పారే నీటిని ఊహించుకోండి. కాలువ ఒకేసారి సన్నబడితే ఆ మూలల దగ్గర నీరు ఒత్తుకుని సుడులు తిరుగుతుంది. మెల్లగా సన్నబడితే ప్రశాంతంగా పోతుంది. లోహంలో ప్రతిబలం కూడా ఇంచుమించు అలాగే మూలల దగ్గర, గంట్ల దగ్గర, రంధ్రాల అంచుల దగ్గర పోగుపడుతుంది. వెడల్పాటి రేకులో ఒక చిన్న గుండ్రని రంధ్రం చేసి రేకును లాగితే, రంధ్రపు అంచున ప్రతిబలం మిగతాచోట ఉన్నదానికి మూడు రెట్లు ఉంటుంది. గంటు ఇంకా వాడిగా ఉంటే ఇంకా ఎక్కువ.

ఇక్కడ ఖరగ్‌పూర్ వర్క్‌షాపును ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. లేతు మీద ఇరుసును తిప్పుతూ ఆ భుజం దగ్గర వంపును నునుపుగా తీసే టర్నర్ చేతిలో వందల మంది ప్రయాణీకుల ప్రాణాలున్నాయి. అతని పనిముట్టు అక్కడ ఒక సన్నని గీత వదిలినా, ఏళ్ళ తరువాత పగులు ఆ గీత దగ్గరే మొదలవవచ్చు. ర్యాంకిన్ కాగితం మీద చెప్పిన సూత్రాన్ని అమలుచేసేది ఆ చేతులే.

లెక్కపెట్టినవాడు

పగులు ఎక్కడ మొదలవుతుందో తెలిసింది. ఎన్నాళ్ళకు మొదలవుతుంది? ఎంత బరువుకు? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు వెతికినవాడు జర్మనీకి చెందిన ఆగస్ట్ వోలర్. ఆయన కూడా రైల్వే ఉద్యోగే. పెట్టెల, ఇంజన్ల బాధ్యత ఆయనది.

తిరిగే ఇరుసుకు ఏం జరుగుతుందో ఆలోచించండి. పెట్టె బరువుకు ఇరుసు కొద్దిగా వంగుతుంది. ఒకవైపు సాగుతుంది, రెండోవైపు నొక్కుకుంటుంది. చక్రం అర చుట్టు తిరగగానే సాగినవైపు నొక్కుకుంటుంది, నొక్కుకున్నవైపు సాగుతుంది. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే ఇరుసును ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచినట్లే. మీరు చేసిన తీగ ప్రయోగమే ఇది! మన పెట్టెల చక్రాల వ్యాసం సుమారు 915 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 2.87 మీటర్లు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ 115 కిలోమీటర్లు. అంత దూరానికి చక్రం సుమారు 40 వేలసార్లు తిరుగుతుంది. హౌరా నుంచి విశాఖపట్నం వచ్చేసరికి మూడు లక్షలు దాటుతుంది. ఏడాదికి ఎన్ని కోట్లవుతాయో మీరే లెక్క వేయండి.

వోలర్ 1850వ దశకం చివరి నుంచి 1870 దాకా ఈ పని మీదే ఉన్నాడు. నడుస్తున్న రైళ్ళలో ఇరుసులు ఎంత వంగుతున్నాయో కొలిచాడు. ప్రయోగశాలలో నమూనాలను బరువు కింద తిప్పే యంత్రాలు తయారుచేశాడు. కొన్ని నమూనాలు కొద్ది వేల చుట్లకే విరిగాయి. కొన్ని కోటికి పైగా తిరిగినా విరగలేదు. ఆయన తేల్చిన విషయాలు రెండు. మొదటిది: లోహం తెగిపోవడానికి కావలసిన ప్రతిబలంకంటే చాలా తక్కువ ప్రతిబలం కూడా, కావలసినన్నిసార్లు మారుతూ పడితే దానిని విరగ్గొట్టగలదు. ప్రతిబలం పైకీ కిందికీ ఎంత మేర ఊగుతోందన్నదే ముఖ్యం. రెండోది: ఇనుము, ఉక్కుల విషయంలో ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోబడి పనిచేయిస్తే అది విరగకుండా చాలాకాలం నిలుస్తుంది. దీనిని ఓర్పు అవధి అనవచ్చు. నునుపుగా ఉన్న ఉక్కు నమూనాకు ఇది సాధారణంగా తన్యతా బలంలో దాదాపు సగం ఉంటుంది.

ఆయన ఫలితాలను పట్టికలుగా ఇచ్చాడు. తరువాతివారు వాటిని గ్రాఫుగా గీశారు. ఈనాటికీ ప్రపంచమంతటా ఇంజనీర్లు దానిని వోలర్ వక్రరేఖ అనే పిలుస్తారు.

సూక్ష్మదర్శిని చూపిన రహస్యం

ఎన్నిసార్లకు విరుగుతుందో తెలిసినా, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. తెలియాలంటే లోహాన్ని దగ్గరగా చూడాలి. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హెన్రీ సార్బీ 1860వ దశకంలో ఉక్కు ముక్కను అద్దంలా మెరుగుపెట్టి, ఆమ్లంతో తేలికగా తడిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. వరి మళ్ళను ఎత్తునుంచి చూసినట్లు గట్లతో విడివడిన చిన్న చిన్న భాగాలు కనిపించాయి. వీటిని రేణువులంటారు. ప్రతి రేణువూ ఒక స్ఫటికం. అంటే మంచి ఇనుమైనా, విరిగిన ఇనుమైనా, ఇనుము మొదటినుంచీ స్ఫటికమయమే. కుదుపులకు కొత్తగా స్ఫటికాలు పుట్టడం అన్న మాటే లేదు. ఇలా కనిపించే లోపలి అమరికనే సూక్ష్మనిర్మాణం అంటారు.

1903లో యూయింగ్, హంఫ్రీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఒక అడుగు ముందుకు వేశారు. స్వీడన్ ఇనుముతో చేసిన నమూనాను మెరుగుపెట్టి, వంచుతూ తిప్పుతూ, మధ్యమధ్య ఆపి సూక్ష్మదర్శినిలో చూశారు. కొన్ని వేల చుట్లకు కొన్ని రేణువులలో సన్నని గీతలు కనిపించాయి. మరికొన్ని చుట్లకు ఆ గీతలు చిక్కబడి పట్టీలయ్యాయి. చివరకు ఒక పట్టీయే పగులుగా మారింది. పేకముక్కల కట్టను పక్కకు తోస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారుతాయి కదా! స్ఫటికంలోనూ పరమాణువుల పొరలు అలాగే జారుతాయి. ఆ జారుడుకు గుర్తులే ఆ గీతలు.

పొరంతా ఒక్కసారే జారదనీ, డిస్‌లొకేషన్ అనే అమరికలోపం ఒకటి మెల్లగా కదులుతూ పొరను జరుపుతుందనీ 1934లో టేలర్, ఒరోవాన్, పొలాని వేర్వేరుగా వివరించారు. పెద్ద తివాచీని మొత్తంగా లాగలేనప్పుడు ఒక అంచున మడత లేపి, ఆ మడతను అవతలి అంచుకు తోస్తాం. డిస్‌లొకేషన్ ఆ మడతలాంటిది. అటూ ఇటూ లక్షలసార్లు కదిలే ఈ మడతలు పైతలం మీద గోరంత కూడా లేని గుంటలను, గట్లను మిగులుస్తాయి. ఆ గుంటే రేపటి పగులుకు విత్తనం. 1956లో మరో విచిత్రం బయటపడింది. రాగి, నికెల్ నమూనాల మీద ఏర్పడిన జారుడు పట్టీలను మెరుగుపెట్టి తుడిచేసి మళ్ళీ పనిచేయిస్తే, పట్టీలు సరిగ్గా పాతచోటే లేచాయి. లోహం తన గాయాన్ని మరచిపోలేదన్నమాట!

బావి తాడు ఒరిపిడికి గట్టు రాయి అరగడం అందరికీ కనబడుతుంది. ఈ గాయం మాత్రం కంటికి కనబడదు. ప్రమాదమంతా అందులోనే ఉంది.

సాలువా రన్‌వే చెప్పే కథ

ఇక ఊరి దక్షిణానికి వెళదాం. 1944లో సాలువాలోనూ, చుట్టుపక్కల కలైకుండా, దుధ్‌కుండీ వంటి చోట్లా రన్‌వేలను బి-29 అనే కొత్త బాంబర్ల కోసం సిద్ధం చేశారు. 1944 జూన్ 5న ఈ ప్రాంతపు స్థావరాల నుంచే అవి తమ మొదటి దాడికి, బాంకాక్ మీదికి, బయలుదేరాయి. వాటి ప్రధాన కార్యాలయం మనం ఇందాక చెప్పుకున్న హిజ్లీలోనే ఉండేది. బి-29లో ఒక కొత్తదనం ఉంది. చాలా ఎత్తులో గాలి పలుచగా ఉంటుంది. అక్కడ మనుషులు మామూలుగా ఊపిరి పీల్చడానికి వీలుగా సిబ్బంది కూర్చునే గదులలో గాలిని ఒత్తిడితో నింపేవారు. అంటే పైకి వెళ్ళినప్పుడల్లా విమానపు రేకు బెలూనులా సాగుతుంది, దిగినప్పుడల్లా వదులవుతుంది.

యుద్ధ విమానం కొద్ది కాలం నిలిస్తే చాలు. ప్రయాణీకుల విమానం ఏళ్ళ తరబడి, వేలసార్లు ఎగిరి దిగాలి. యుద్ధం తరువాత బ్రిటన్ తయారుచేసిన కామెట్ ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణీకుల విమానం. 1952 మే 2న సర్వీసులు మొదలయ్యాయి. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్ నుంచి ఎగిరిన కొద్ది నిమిషాలకే ఒక కామెట్ హుగ్లీ జిల్లాలో ముక్కలై కూలింది. అందులోని 43 మందీ మరణించారు. తీవ్రమైన గాలివాన తాకిడికి విమానం విరిగిందని దర్యాప్తులో తేల్చారు. కాని 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో మరొకటి, గాలివాన లేకుండానే మధ్యధరా సముద్రం మీద విచ్ఛిన్నమయ్యాయి.

అప్పుడు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఒక కామెట్‌ను ఏకంగా నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపల నీటి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ ఆకాశయానాలను అనుకరించారు. నిజంగా ఎగిరినవీ, తొట్టిలో ఎగిరినట్లు లెక్కించినవీ కలిపి 3057 యానాలకు దాని గోడ చీలిపోయింది. చీలిక మొదలైంది ఎక్కడో ఊహించగలరా? కోసిన భాగపు మూలన, రివెట్టు రంధ్రం పక్కన. ర్యాంకిన్ చెప్పిన 'భుజం' నూట పదేళ్ళ తరువాత మళ్ళీ ఎదురైంది. ఈసారి అది లావుపాటి ఇరుసు కాదు, పలుచని రేకు. కామెట్ రేకు అల్యూమినియం మిశ్రలోహమే అయినా, పాఠం అన్ని రేకులకూ వర్తిస్తుంది. విమానపు కిటికీల మూలలు ఎందుకు గుండ్రంగా ఉంటాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పలుచబడిన కారు

పలుచని రేకు మాట వచ్చింది కనుక మన రోడ్ల మీదికి వద్దాం. ఖరగ్‌పూర్‌కు దూరం కాని ఉత్తర్‌పాడాలో 1950వ దశకం చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్ కార్లు తయారయ్యేవి. దాని తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్లు చప్పుడయ్యేదని పెద్దవాళ్ళు చెబుతుంటారు. ఆ కాలపు కార్లకు మెత్తని, మందమైన ఉక్కు రేకు వాడేవారు.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. బరువైన కారు ఎక్కువ పెట్రోలు తాగుతుంది. కనుక బరువు తగ్గించాలి. అలాగని ప్రమాదంలో లోపలివారికి రక్షణ తగ్గకూడదు. రేకు పలుచనవాలి, బలం పెరగాలి. పైగా ఆ రేకును అచ్చులో పెట్టి నొక్కితే పగలకుండా తలుపులా, పునాది చట్రంలా మలుచుకోవాలి. సాధారణంగా ఉక్కు బలం పెరిగిన కొద్దీ సాగే గుణం తగ్గుతుంది. ఈ ముడి విప్పడానికి లోహశాస్త్రజ్ఞులు సూక్ష్మనిర్మాణాన్నే ఆశ్రయించారు.

మొదటి దారి రేణువులను చిన్నవి చేయడం. రేణువు ఎంత చిన్నదైతే ఉక్కు అంత బలమైనదని 1950వ దశకం మొదట్లో హాల్, పెచ్ అనే ఇద్దరు నిరూపించారు. మడి గట్లు దగ్గర దగ్గరగా ఉంటే నీరు పారడానికి అడుగడుగునా అడ్డే కదా! అలాగే రేణువుల హద్దులు డిస్‌లొకేషన్లను ఆపుతాయి. ఉక్కులో నయోబియం, వెనేడియం, టైటానియం వంటి మూలకాలను నూటికి పదోవంతు కూడా మించకుండా కలిపితే రేణువులు చిన్నవవుతాయి. కూరలో ఇంగువలాగా చిటికెడే చాలు.

రెండో దారి మరీ ఆసక్తికరమైనది. ఉక్కు రేకును సుమారు 730 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిచేస్తే అందులో కొంత భాగం ఫెర్రైటుగా ఉండిపోతుంది, మిగతాది ఆస్టినైటుగా మారుతుంది. వెంటనే వేగంగా చల్లారిస్తే ఆస్టినైటు కాస్తా అతి గట్టిదైన మార్టెన్‌సైటుగా మారుతుంది. కమ్మరి కత్తిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి పదును పెట్టినప్పుడు పుట్టేది ఈ మార్టెన్‌సైటే. కాని ఇక్కడ రేకంతా గట్టిపడదు. ఉప్మాలో జీడిపప్పు పలుకుల్లాగా, మెత్తని ఫెర్రైటు మధ్య గట్టి దీవులుంటాయి. మెత్తని భాగం సాగుతుంది, గట్టి దీవులు బరువు మోస్తాయి. దీనికి 'డ్యూయల్ ఫేజ్' ఉక్కు అని పేరు. 1970వ దశకంలో జపాన్, అమెరికా దేశాలలో కార్ల కోసం దీనిని అభివృద్ధి చేశారు. పాత మెత్తని రేకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 30 కిలోల బరువుకు తెగేది. ఈ జాతిలో బాగా వాడే ఒక రకం 60 కిలోల దాకా తట్టుకుంటుంది. ఇప్పుడు 80, 100 కిలోల రకాలు కూడా ఉన్నాయి.

మన దేశంలో హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా నాగపూర్ వైపు సాగే రైలుమార్గం మీదే జంషెడ్‌పూర్, రూర్కెలా ఉక్కు కర్మాగారాలున్నాయి. కార్లకు కావలసిన పలుచని రేకుల కోసం జంషెడ్‌పూర్‌లో 2000లో కోల్డ్ రోలింగ్ మిల్లు వచ్చింది. ఒకప్పుడు ఆ మార్గానికి పట్టాలు ఇచ్చిన ఊరే ఇప్పుడు కార్లకు రేకులు ఇస్తోంది.

బలం ఉంటే చాలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. రేకు బలం రెట్టింపయింది. మరి దాని ఓర్పు కూడా రెట్టింపయిందా?

నునుపైన నమూనాను యంత్రంలో పరీక్షిస్తే, బలంతోపాటు ఓర్పు అవధి కూడా పెరుగుతుంది. డ్యూయల్ ఫేజ్ ఉక్కులో పగులు తిన్నగా పోలేదు. గట్టి దీవి ఎదురైనప్పుడల్లా పక్కకు తిరుగుతూ, వంకరటింకరగా పాకుతూ, నెమ్మదిస్తుంది. 1980వ దశకంలో దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిలో పాల్గొన్నవారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకున్న సుబ్రా సురేష్ ఒకరు. ఆయన 1991లో రాసిన లోహ శ్రాంతి గ్రంథాన్ని ప్రపంచమంతటా విద్యార్థులు చదువుతారు. అదే కాలంలో మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయంలో తెలుగువాడైన పల్లె రామారావు నాయకత్వంలో లోహాల అలసట, పగుళ్ళ మీద కృషి సాగింది.

కాని కారు అంటే నునుపైన నమూనా కాదు. రేకులను కత్తిరిస్తారు, రంధ్రాలు పొడుస్తారు, ఒకదానికొకటి వెల్డింగు చేస్తారు. ఒక కారులో స్పాట్ వెల్డింగు చుక్కలే కొన్ని వేలుంటాయి. రెండు రేకులు ఒక చుక్క దగ్గర అతుక్కుంటే, ఆ చుక్క చుట్టూ రేకుల మధ్య కత్తి మొనలాంటి సందు మిగిలిపోతుంది. అదొక గంటు. కారు గుంతలో పడి లేచినప్పుడల్లా ప్రతిబలమంతా అక్కడ పోగుపడుతుంది. ఆ గంటు దగ్గర ఉక్కు బలమైనదా, మెత్తనిదా అన్న తేడా దాదాపు చెరిగిపోతుంది. రేకు బలాన్ని రెట్టింపు చేసినా వెల్డింగు చుక్క ఓర్పు ఏమంత పెరగదని పరీక్షలు పదేపదే చూపాయి. పైగా బలం ఉంది కదా అని రేకును పలుచన చేస్తే, ప్రతి చదరపు మిల్లీమీటరూ మోయవలసిన బరువు పెరుగుతుంది. ఆదా చేసిన బరువు ఆయుష్షులో కోత పెట్టవచ్చు.

కత్తిరించిన అంచు సంగతీ ఇంతే. డ్యూయల్ ఫేజ్ రేకును పొడిచినప్పుడు మెత్తని, గట్టి భాగాల సరిహద్దుల్లో కంటికి కనిపించని చీలికలు ఏర్పడతాయి. బలమైన ఉక్కు మచ్చను ఓర్చుకోలేదు. అతి బలమైన ఉక్కుల్లో అయితే తయారీలో చిక్కుకుపోయిన ఇసుకరేణువులాంటి మలినం చుట్టూ, లోపలే పగులు పుట్టవచ్చు. అవి కోటి సార్లు దాటిన తరువాత కూడా విరగవచ్చని 1980ల నుంచి తెలిసింది. అందుకే మలినాలు లేని ఉక్కు తయారీకి ఇంత పట్టుదల.

దీనికి విరుగుడు లేకపోలేదు. వెల్డింగు చుక్కల పక్కన జిగురు కూడా వేసి సందు మూయవచ్చు. చుక్కల సంఖ్య పెంచవచ్చు. మూలలకు వంపు ఇవ్వవచ్చు. బండి స్ప్రింగుల మీద చిన్న ఉక్కు గుళ్ళను వేగంగా చల్లి, పైపొర ఎప్పుడూ నొక్కుకుని ఉండేలా చేయవచ్చు. నొక్కుకున్న చోట పగులు నోరు తెరవలేదు. ఇవన్నీ కొత్త ఉక్కులు కావు. ఆకారం గురించిన, పైతలం గురించిన జాగ్రత్తలు. అంటే 1843లో ర్యాంకిన్ చెప్పిన మాటే, కొత్త వేషంలో.

సుత్తి చప్పుడు

పాతరోజుల్లో పెద్ద స్టేషన్లలో బండి ఆగగానే ఒక మనిషి లాంతరు పట్టుకుని, పొడవైన కర్రకు తగిలించిన సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ తట్టుకుంటూ వెళ్ళేవాడు. చక్రం గంటలా మోగితే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో తట్టి చూస్తారే, అదే కిటుకు. ఇప్పుడు వర్క్‌షాపుల్లో ఇరుసుల్లోకి చెవికి వినిపించని అతిధ్వనుల్ని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి పగుళ్ళను పసిగడుతున్నారు. పరికరం మారింది, పని మారలేదు. కంటికి కనబడని దానిని ప్రమాదానికి ముందే కనిపెట్టడమే ఆ పని.

ఉక్కును గురించి మనం తరచు 'ఎంత గట్టిది?' అని మాత్రమే అడుగుతాం. ఈ చరిత్ర రెండో ప్రశ్న కూడా అడగమంటుంది: 'ఎన్నిసార్లు?' మీ సైకిలు పెడలు రాడ్డు ఎక్కడ విరిగిందో, పాత బస్సు తలుపు ఏ మూలన చిట్లిందో ఈసారి దగ్గరగా చూడండి. విరిగిన తలం మీద కొంత భాగం నున్నగా, సముద్రపు గవ్వ మీది చారల్లాగా కనిపిస్తే, అది పగులు మెల్లగా పాకిన చోటు. గరుకుగా ఉన్న భాగం చివరి క్షణంలో తెగినది. ఆ చారలు ఎక్కడ మొదలయ్యాయో వెనక్కు వెతుక్కుంటూ వెళ్ళండి. చాలాసార్లు అక్కడ ఒక వాడి మూలో, గంటో, సరిగా తీయని గీతో మీకు ఎదురవుతుంది.